మానడం ఎవరి చేతిలో ఉంది?

 వ్యసనపరులకు ఆసుపత్రిలో వైద్యం చేసిన డాక్టరు గారి పేరిట జరిగే ధర్మనిధి ఉపన్యాసం ఇది. ఆయన సేవ గురించి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. నాకు గుర్తున్నది ఆయన ఎర్ర పెన్సిలు. నేను చూపించిన ప్రతి వ్యాసం అంచునా "ఎవరన్నారు? ఎక్కడ?" అని రాసి తిప్పి పంపేవారు. వ్యసనం మెదడుకు వచ్చే జబ్బు అన్నది ఆయన పక్షం. ఆ ఒక్క మాట దగ్గర మా ఇద్దరికీ ఏనాడూ పొసగలేదు. ఆ వాదాన్నే ఇవాళ ఆయన పేరు మీద కొనసాగిస్తాను.

మత్తు ఒంటికీ ఇంటికీ చేసే చేటు మళ్ళీ వల్లించను. 2001లో పోర్చుగల్ సొంత వాడకానికి జైలు శిక్ష ఎత్తేసిందనీ, ఒరెగాన్ 2020లో ఓటు వేసి అదే దారి పట్టి 2024లో వెనక్కి మళ్ళిందనీ మీకు తెలుసు. మన దేశంలో మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సాయం అందుతోందని 2019 నాటి ఎయిమ్స్ నివేదిక చెప్పిందీ మీరు చదివే ఉంటారు. నేను ఒక్క విషయం మీద నిలబడతాను. వియత్నాం నుంచి ఇల్లు చేరిన అమెరికా సైనికుల సంగతి అది.

1971లో నిక్సన్ ప్రభుత్వం వియత్నాం వదిలే సైనికులకు మూత్రపరీక్ష పెట్టింది. హెరాయిన్ ఆనవాలు కనబడితే విమానం ఎక్కనివ్వకుండా, మత్తు వదిలేదాకా అక్కడే ఆపేవారు. ఆ సెప్టెంబరులో తిరిగొచ్చిన వారిలో సుమారు 900 మందిని పరిశోధకురాలు లీ రాబిన్స్ బృందం మరుసటి ఏడు వెతికి పట్టుకుని మాట్లాడింది, ఆ తర్వాత మరోసారి వాకబు చేసింది. సైనికుల్లో దాదాపు సగంమంది వియత్నాంలో ఉండగా నల్లమందో హెరాయినో రుచి చూశారు. ఐదుగురిలో ఒకరు దానికి బానిసయ్యారు. అలా బానిసైన వారిలో, ఇంటికొచ్చిన మూడేళ్ళలో కొద్దికాలమైనా మళ్ళీ ఆ స్థితికి పడిపోయినవారు 12 శాతమే.

ఈ అంకెను వ్యసనం జబ్బనేవారూ, ఎంపిక అనేవారూ, రెండు పక్షాలూ తమ సాక్షిగా బోనెక్కిస్తున్నాయి. 1997లో 'సైన్స్' పత్రికలో అలాన్ లెష్నర్ వ్యసనం మెదడు జబ్బని వాదిస్తూ, ఈ సైనికులకు చికిత్స చేయడం తేలికైందన్నారు. అలవాటైన చోటు వేరు, తిరిగొచ్చిన చోటు వేరు కావడమే కారణమన్నారు. చోటు గురించి అన్నది నిజం. చికిత్స గురించి అన్నది నిలవదు. మానినవారిలో అత్యధికులు ఇంటికొచ్చాక ఏ చికిత్సా కేంద్రం గడపా తొక్కలేదు. జరగని చికిత్స ఫలించిందని ఎలా రాస్తాం?

2009లో జీన్ హేమన్ తన 'అడిక్షన్: ఎ డిజార్డర్ ఆఫ్ చాయిస్' పుస్తకంలో అదే అంకె చూపి వ్యసనం ఎంపికేనన్నారు. ఆయన వాదం నాకు దగ్గరిదే. కానీ ఆయన చెప్పే ఎంపిక మనోబలం కాదు. ఎదురుగా ఉద్యోగం, కుటుంబం, గౌరవం లాంటి మెరుగైన దారులుంటే మనిషి అటు మొగ్గుతాడన్నది ఆయన లెక్క. పుస్తకం పేరు మాత్రమే చదివి "వాడి ఇష్టమే కదా, జైల్లో పెట్టండి" అనేవారు ఆ లెక్కను సగంలో ఆపేస్తున్నారు. లెక్క పూర్తిగా చేస్తే, ఆ దారులు వేసే బాధ్యత ప్రభుత్వం మీదే పడుతుంది.

ఇంటి దగ్గర హెరాయిన్ దొరకలేదు గనుక మానారంటారు మరికొందరు. ఆ మాటకూ రాబిన్స్ దగ్గర జవాబుంది. బానిసలైన వారిలో దాదాపు సగంమంది తిరిగొచ్చాక ఒక్కసారైనా హెరాయిన్ వాడారు. అయినా వారిలో చాలామంది మళ్ళీ దానికి చిక్కలేదు. 1993లో తన అధ్యయనాన్ని తిరిగి చూసుకుంటూ ఆమె ఇంకో సంగతి గట్టిగా చెప్పారు. చికిత్స కోసం వచ్చినవారిని చూసి వ్యసనమంటే ఇంతేననుకుంటే పొరపాటు, వారు ఇతర కష్టాల మూటతో వస్తారు, బయట తమంతట తాము మానినవారు డాక్టరు కంటపడరు అని. డాక్టరు గారు చూసింది ఆసుపత్రికి వచ్చినవారిని. నేను అడుగుతూ వచ్చింది రానివారి గురించి.

కాబట్టి నా మాట ఇది: మనిషికి మానే శక్తి ఉంది. అది నిలబడడానికి నేల కావాలి. జబ్బా, ఇష్టమా అని తీర్పు చెప్పాకే సాయం చేస్తామనే విధానం ఆ నేలనే లాగేస్తుంది.

దీనికి మన దగ్గరి రుజువు కల్తీ కల్లు. తెలంగాణ పల్లెల్లో మనిషి కొన్నది కల్లు. అందులో ఆల్ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపింది ఇంకొకరు. అతని ఎంపికలో ఆ మందు లేదు, అయినా శరీరం దానికి అలవాటు పడింది. 2015 సెప్టెంబరులో కల్తీని ఉన్నట్టుండి కట్టడి చేసినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాల నుంచి జనం వణుకుతో, ఫిట్స్‌తో, మతిచలించి ఆసుపత్రులకు చేరారు. ఈ జాతి మందును మోతాదు తగ్గిస్తూ మాన్పించాలి. ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. అలాంటివారికి "గట్టిగా అనుకుని మానెయ్" అని చెప్పడం ప్రమాదకరమైన సలహా.

ప్రస్తుతం నేను చేస్తున్న పని అక్కడే. ఆ పల్లెల్లో కల్లు మానినవారు, మాని మళ్ళీ తాగినవారు, వారి ఇంటి ఆడవాళ్ళు చెప్పే మాటలు వారి మాటల్లోనే రాసి పెడుతున్నాను. ఎప్పుడు మానారని అడిగితే తరచూ వినబడేది పని దొరికిన రోజు, బిడ్డ పెళ్ళి కుదిరిన రోజు, ఊరు మారిన రోజు. రాబిన్స్ చెప్పినదానికి మన పల్లెలు పలికే సాక్ష్యం అది.

చట్టం ఈ సాక్ష్యం వినాలి. మత్తుపదార్థాల నియంత్రణకు ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం 64ఎ సెక్షను, కొద్ది మోతాదుతోనో వాడకంతోనో పట్టుబడిన బానిస తనంతట తాను చికిత్సకు వస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. చికిత్స పూర్తి చేయకపోతే ఆ రక్షణను వెనక్కి తీసుకోవచ్చనీ అంటుంది. మెక్‌లెలన్, ఆయన సహచరులు 2000లో అమెరికా వైద్య సంఘం పత్రికలో చూపిన ప్రకారం చికిత్స పొందినవారిలో 40 నుంచి 60 శాతం మంది ఏడాదిలోపు మళ్ళీ వాడతారు. మధుమేహ రోగి మందులు మానేస్తే కేసు పెట్టం. సగంలో తప్పుకున్నవాడిని కోర్టుకు ఈడ్చే నిబంధన, మళ్ళీ రాబోయేవాడి కాళ్ళకు అడ్డం పడుతోంది.

ఆ నిబంధనను తొలగించాలి. ప్రతి ఏరియా ఆసుపత్రిలో మోతాదు తగ్గించి మాన్పించే ఏర్పాటు, ఎన్నిసార్లు తిరిగొచ్చినా ప్రశ్నించకుండా చేర్చుకునే పడక, బయటికొచ్చాక ఉపాధి ఉండాలి. జబ్బని నమ్మే మీరూ, ఎంపికని నమ్మే నేనూ ఈ మూడింటినీ కలిసే అడగగలం. రాబోయే శాసనసభ సమావేశాల ముందు సమర్పించే వినతిపత్రం సిద్ధంగా ఉంది. దాని మీద మీ సంతకాలు కోరుతున్నాను.