పిల్లికూనలకు ఫ్లీలు పడితే... ముందు దువ్వెన, తర్వాతే మందు
(రేడియో ప్రసంగ పాఠం)

ఈ వారం పిల్లుల గురించి మాట్లాడతానంటే మా వారు నవ్వారు. "తెలుగు రేడియోలో పిల్లుల గోలేమిటి?" అన్నారు. కానీ ఇక్కడ హ్యూస్టన్లో మనవాళ్ళ ఇళ్ళలో, ముఖ్యంగా పిల్లలున్న ఇళ్ళలో, ఇప్పుడు పిల్లిని పెంచని వీధి లేదు. పెంచకపోయినా, గరాజ్‌లోనో డెక్ కిందో ఏదో ఒక వీధి పిల్లి వచ్చి పిల్లలు పెడుతూనే ఉంటుంది. మా ఇంట్లో జరిగింది అదే.

నేను వెటర్నరీ డాక్టర్ని కాను. మాకు జరిగిన నష్టం, ఆ తర్వాత మా వెట్ దగ్గర నేర్చుకున్నది, నేను చదివి తెలుసుకున్నది మీతో చెప్పుకుంటాను.

రెండేళ్ళ కిందట జూన్‌లో మా గరాజ్‌లో అట్టపెట్టెల వెనక ఒక పిల్లి నాలుగు కూనల్ని పెట్టింది. మేం చూసేసరికి వాటికి మూడు వారాలుంటాయి. మా అమ్మాయి సంతోషం చెప్పనలవి కాదు. తల్లికి తిండి, నీళ్ళు పెట్టాం. కూనల బొచ్చులో నల్లగా మిరియాల పొడి చల్లినట్టు ఏదో ఉంది. గరాజ్ మట్టి అనుకున్నాను. అన్నిట్లోకీ చిన్నది ఎప్పుడూ పడుకునే ఉండేది. బుద్ధిమంతురాలు, గొడవ చెయ్యదు అనుకున్నాను. నాలుగో రోజు సాయంత్రం మా అమ్మాయి "అమ్మా, ఇది చల్లగా ఉంది" అంటూ చేతుల్లో పెట్టుకుని తెచ్చింది. నోరు తెరిచి చూస్తే చిగుళ్ళు కాగితంలా తెల్లగా ఉన్నాయి. ఎమర్జెన్సీకి పరిగెత్తాం. ఆ రాత్రే పోయింది.

అక్కడి డాక్టరమ్మ ఆ నల్లటి పొడిని తడి టిష్యూ మీద రాల్చి చూపించింది. ఒక్క నిమిషంలో చుట్టూ ఎర్రగా, తుప్పు రంగులో మరక పాకింది. "ఇది మట్టి కాదు, ఫ్లీల మలం. అంటే దీని రక్తమే" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

ఫ్లీలంటే ఏమిటో ముందు చెబుతాను. మన ఊళ్ళో గొడ్లకి పట్టే పిడుదులు వేరు. అవి ఒకచోట కరుచుకుని కదలవు. ఫ్లీలు గోధుమరంగులో సన్నగా, పక్కలకి నొక్కినట్టుండి, గెంతుతాయి. పెద్ద పిల్లికి వీటివల్ల దురద, చిరాకు. కూనకి మాత్రం ప్రాణాపాయం. లెక్క చూడండి. ఒక పౌను బరువున్న కూన ఒంట్లో ఉండే రక్తమంతా కలిపి సుమారు 30 మిల్లీలీటర్లు, అంటే రెండు టేబుల్ స్పూన్లు. 70 ఆడ ఫ్లీలు ఉంటే రోజుకి దాదాపు ఒక మిల్లీలీటరు తాగేస్తాయి. రోజుకి ముప్పయ్యో వంతు పోతూ ఉంటే ఆ బుజ్జి ప్రాణం ఎన్నాళ్ళు తట్టుకుంటుంది?

అందుకే మొదటి మాట: కూనల చిగుళ్ళు రోజూ చూడండి. గులాబీ రంగులో ఉండాలి. తెల్లబడినా, ఒళ్ళు చల్లబడినా, పాలు తాగడం మానేసినా అది ఇంటి వైద్యం చేసే సమయం కాదు. స్నానం కూడా చేయించకండి. తువ్వాల్లో వెచ్చగా చుట్టి వెంటనే వెట్ దగ్గరికి తీసుకెళ్ళండి. అవసరమైతే వాళ్ళు రక్తం ఎక్కిస్తారు.

రెండో మాట, చేయకూడనివి. అప్పుడు మా అత్తయ్యగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. పాపం, ఆవిడ మంచి మనసుతోనే "వేపనూనె రాద్దామమ్మా, కర్పూరం కలిపి" అన్నారు. మన ఇళ్ళలో ఇలాంటివి చాలా ఉన్నాయి: కలరా ఉండలు, ఫినాయిల్, కిరసనాయిలు, వెల్లుల్లి. ఇక్కడ కొత్తగా టీ ట్రీ ఆయిల్ ఒకటి. ఇవేవీ వద్దండి. పిల్లి ఒంటిమీద ఏది పూసినా నాకేస్తుంది. తల్లి కూనల్ని నాకుతుంది, కూనలు తల్లిని పట్టుకుని పాలు తాగుతాయి. పైగా కొన్ని పదార్థాల్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. మనకీ కుక్కకీ ఏమీ చేయనిది పిల్లికి విషం కావచ్చు. వెల్లుల్లి తింటే పిల్లి ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. అసలే రక్తం తక్కువైన కూనకి అది గోరుచుట్టు మీద రోకటిపోటే.

అన్నిటికన్నా ప్రమాదం కుక్కల మందు. కుక్కల మెడ మీద వేసే చుక్కల మందుల్లో కొన్నింటిలో పెర్మెత్రిన్ ఉంటుంది. అది పిల్లి మీద పడితే వణుకు, చొంగ, ఫిట్స్, ఒక్కోసారి చావు. "చిన్న కుక్కది సగం వేస్తే సరిపోతుందిలే" అనే లెక్క ఎప్పుడూ వేయకండి. ఇంట్లో కుక్కకి ఆ మందు వేసినా, అది ఆరేదాకా పిల్లిని దగ్గరికి రానివ్వకండి. పొరపాటున పిల్లికి తగిలితే ఆలస్యం చేయకుండా వెట్‌కి ఫోన్ చేయండి.

మరి ఏం చేయాలి? నాలుగు వారాల లోపు కూనలకి అన్నిటికన్నా మంచి మందు దువ్వెన. మన అమ్మమ్మలు ఒళ్ళో కూచోబెట్టుకుని పేలు దువ్వేవారే, అలాంటి సన్న పళ్ళ దువ్వెన. పెట్ షాపుల్లో ఫ్లీ కోంబ్ అంటే ఇస్తారు. ఒక గిన్నెలో వేడినీళ్ళు, కాస్త గిన్నెలు తోమే సబ్బు వేసి పక్కన పెట్టుకోండి. మెడ, తోక మొదలు, పొట్ట బాగా దువ్వండి. దువ్వెనకి వచ్చిన ఫ్లీని వెంటనే ఆ నీళ్ళలో ముంచండి, లేకపోతే గెంతి పోతుంది. రోజుకి రెండు మూడుసార్లు, ఒక్కో కూనకి కొద్ది నిమిషాలు.

మరీ ఎక్కువుంటే, కూన హుషారుగా ఉంటేనే, వెట్‌ని అడిగి స్నానం చేయించండి. ముందు మెడ చుట్టూ సబ్బు నురగ పట్టించాలి, లేకపోతే ఫ్లీలన్నీ మొహం మీదికి పాకుతాయి. చంటిపిల్లల పాలు చూసినట్టు మణికట్టు మీద నీళ్ళ వేడి చూసుకోండి. తల తడపకండి. రెండు మూడు నిమిషాల్లో ముగించి, సబ్బు పోయేలా కడిగి, పూర్తిగా ఆరేదాకా తుడిచి, వెచ్చబడ్డాక తల్లి దగ్గర పెట్టండి. ఈ వయసు కూనలు తమ ఒంటి వేడిని తామే నిలుపుకోలేవు. తడి ఒంటితో వదిలేస్తే ఫ్లీలు చేయని పని చలి చేస్తుంది.

నాలుగు వారాలు దాటాక నైటెన్‌పైరామ్ అనే మాత్ర ఉంది. అరగంటలో పని మొదలుపెట్టి ఒంటిమీదున్న ఫ్లీలని చంపుతుంది, ఒక రోజులో దాని ప్రభావం పోతుంది. కానీ నాలుగు వారాల వయసుతో పాటు రెండు పౌన్ల బరువు కూడా ఉండాలి. మామూలుగా నెల కూన ఒక పౌనే ఉంటుంది. కాబట్టి వంటింటి త్రాసులో తూచకుండా వేయకండి. నెల రోజులు పనిచేసే సెలమెక్టిన్ లాంటి చుక్కల మందులు కూనలకి ఎనిమిది వారాలు దాటాకే.

ఇక తల్లి సంగతి. తల్లిని వదిలేసి కూనల్ని ఎంత దువ్వినా కుండలో చిల్లు పూడ్చకుండా నీళ్ళు పోసినట్టే. పాలిచ్చే తల్లికి నైటెన్‌పైరామ్, సెలమెక్టిన్ రెండూ వాడవచ్చు. అయినా పాలిస్తోందని చెప్పి వెట్ చేతే రాయించుకోండి. చుక్కల మందు వేస్తే ఆరేదాకా కూనల్ని ఎంతసేపు దూరంగా ఉంచాలో కూడా అడగండి.

చివరగా ఇల్లు. మన కంటికి కనిపించే పెద్ద ఫ్లీలు మొత్తంలో నూటికి ఐదు వంతులే. మిగతావన్నీ గుడ్లు, పురుగులు, గూళ్ళ రూపంలో కార్పెట్లో, పక్కబట్టల్లో ఉంటాయి. ఆడ ఫ్లీ రోజుకి 40 గుడ్ల దాకా పెడుతుంది. కూనల పక్కబట్టలు రోజూ వేడినీళ్ళలో ఉతికి డ్రైయర్లో వేడిగా ఆరబెట్టండి. రోజూ వాక్యూమ్ చేసి ఆ సంచీ వెంటనే బయట పడేయండి. ఫాగర్లు మాత్రం కూనలున్న ఇంట్లో వద్దు. గూళ్ళలోవి వారాల తరబడి బయటికి వస్తూనే ఉంటాయి. అప్పుడు "మందు పనిచేయలేదు" అని రెండో డోసు వేసేస్తారు చాలామంది. అది తప్పు. ఓపిక పట్టాలి. పూర్తిగా పోవడానికి రెండు మూడు నెలలు పట్టవచ్చు. తర్వాత పిల్లి మలం దగ్గర బియ్యపు గింజల్లాంటివి కనిపిస్తే అది ఫ్లీల వల్ల వచ్చే టేప్ వార్మ్. దానికి వేరే మందుంది.

మిగిలిన మూడు కూనల్ని మా అమ్మాయీ, మా అత్తయ్యగారూ కలిసి కాపాడారు. ఒకరు ఒళ్ళో పట్టుకుంటే ఒకరు దువ్వారు. "మీ నాన్నకీ ఇలాగే దువ్వేదాన్నే" అని ఆవిడ మనవరాలికి కథలు చెబుతూ దువ్వేవారు. రెండు కూనలు తెలిసినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళాయి. తల్లికి ఆపరేషన్ చేయించాం. ఒక కూన మా ఇంట్లోనే పెద్దదైంది.

మీ గరాజ్‌లో కూడా ఏ తల్లి పిల్లయినా పిల్లల్ని పెడితే, ముద్దు చేసే ముందు ఒక తడి టిష్యూ, ఒక దువ్వెన తీసుకెళ్ళండి. చిగుళ్ళు చూడండి. నేను మొదటి రోజే చూసి ఉంటే ఈవేళ నాలుగు కూనల కథ చెప్పేదాన్ని.