ఉపగ్రహము చెప్పు వేగము – చార్జిషీటులోని అంకె
(ప్రసంగ పాఠము)



మన వేగమును ఎదుటనున్న స్పీడోమీటరు మాత్రమే గాక, ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తున తిరుగు ఉపగ్రహముల సాయముతో మరొక పరికరము కూడ లెక్కించు రోజులివి. లోకో పైలట్‌కైనను, మెయిల్ మోటారు డ్రైవరుకైనను ఆ లెక్క ఒకనాడు చార్జిషీటు రూపమున చేతికి రావచ్చును. కనుక దానిని తిట్టుటకు ముందు, నమ్ముటకు ముందు, అది పనిచేయు విధమును తెలిసికొనవలెను.

మొదట ఒక నిజము ఒప్పుకొందము. ఆకాశము తెరిపిగా నున్న చోట, బండి సమవేగమున పోవునప్పుడు, మంచి జి.పి.యస్. పరికరము చూపు వేగము మన మీటరు కంటె నమ్మదగినది. రైలు కూత మనవైపు వచ్చునప్పుడు సన్నగాను, దాటిపోవునప్పుడు బొంగురుగాను వినబడుట మనకు తెలియని సంగతి కాదు. ఇదియే డాప్లర్ ప్రభావము. ఉపగ్రహము పంపు 1575.42 మెగాహెర్ట్జ్ తరంగములో కలుగు ఇట్టి మార్పునుండియే పరికరము వేగమును గణించును. తప్పు సాధారణముగా గంటకు ఒక కిలోమీటరు మించదు. 2000 మే వరకు అమెరికా రక్షణశాఖ కావలెననియే సంకేతమును కొంత చెరిపి పంపెడిది. నేడు ఆ బాధ లేదు.

మీటరు సంగతి వేరు. అది చక్రపు తిరుగుడును లెక్కించును గాని నేలను చూడదు. డబ్ల్యూ.ఏ.పి-7 వంటి విద్యుత్ ఇంజనుకు క్రొత్త చక్రపు వ్యాసము 1092 మి.మీ.; అరిగి 1016 మి.మీ. చేరువరకు వాడుదురు. తేడా ఏడు శాతము! మీటరులో క్రొత్త కొలతయే యుండి చక్రము పూర్తిగా అరిగినచో, 100 చూపునప్పుడు అసలు వేగము 93. తారుమారైనచో 100 అని చూచుచు 107 మీద పోవుచుందుము. ఈ సవరణ షెడ్డు పని, పైలట్ పని కాదు. రోడ్డు బండ్లకు ఐక్యరాజ్యసమితి 39వ నిబంధన, మీటరు అసలు వేగమునకు తక్కువ చూపరాదనుచున్నది. 60 మీద పోవునప్పుడు 70 వరకు చూపవచ్చును.

ఉపగ్రహ పరికరమునకును దాని జబ్బులు కలవు. సొరంగములో సంకేతమే అందదు. లోతైన కటింగులలో, మేడల నడుమ, స్టేషను కప్పు క్రింద అది గోడలకు తగిలి చుట్టుదారిన వచ్చును. కొన్ని పరికరములు డాప్లర్‌ను విడిచి, రెండు స్థానముల మధ్య దూరమును కాలముచే భాగించి అదియే వేగమనును. సెకను తేడాగల రెండు స్థానములలో ఒకటి 5 మీటర్లు ముందుకు జరిగినట్లు తోచినచో, లేని వేగము గంటకు 18 కిలోమీటర్లు పుట్టును. అదే తప్పు 30 సెకన్ల మీద 0.6 కిలోమీటరే. బ్రేకు వేసినప్పుడు, గడచిన సెకన్ల సగటు వలన అంకె ఆలస్యముగా దిగును. గంటకు 72 కిలోమీటర్ల వేగమున రెండు సెకన్ల ఆలస్యమనగా 40 మీటర్లు. వేగ పరిమితి బోర్డు వద్ద మనవారి మెడకు చుట్టుకొనునది ఇదియే.

కనుక ఒక్క సెకను గరిష్ఠాంకెను చూపి సంజాయిషీ అడిగినచో, ముందు వెనుకల రికార్డు అంతయు కోరవలెను. అప్పుడెన్ని ఉపగ్రహములు అందినవి, ఏ పద్ధతిని వేగము కట్టిరి, ఇంజను స్పీడు రికార్డరు ఏమి చెప్పుచున్నది, చక్రపు కొలత ఏనాడు సరిచేసిరి అని అడుగవలెను. రెండు రికార్డులును నిముషము పాటు ఏకమై అధికవేగమునే చూపినచో, పరికరమును నిందించు వాదము నావలన కాదు. అప్పుడు డ్యూటీ గంటలు, టైము టేబులు సంగతి వేరుగా మాటాడుదము.

అభియోగమునకు ఆధారమైన పత్రములను చూచు అవకాశము 1968 నాటి రైల్వే ఉద్యోగుల క్రమశిక్షణ, అప్పీలు నియమములందును, తపాలా సోదరులకు వర్తించు 1965 నాటి సి.సి.యస్. (సి.సి.ఏ.) నియమములందును కలదు. చార్జిషీటు అందినవారు వివరణ వ్రాయుటకు ముందే ఈ కాగితములకై దరఖాస్తు పెట్టి, నకలును తమ శాఖా కార్యదర్శికి అందజేయ గోరుచున్నాను.