మోటారుబండి చెవులు

మోటారుబండికి ఇరుప్రక్కల చెవులవలె నిలిచియుండు అద్దములను మీరందఱును చూచియే యుందురు. 1911వ సంవత్సరమున అమెరికాదేశమందలి ఇండియానాపొలిస్ పందెములో రే హరూన్ అను సారథి వెనుక చూచుటకై బండిపై నొక యద్దమును బిగించుకొని గెలుపొందెను. తక్కినవారి బండ్లలో వెనుక వచ్చువారిని కనిపెట్టి చెప్పుటకు వేఱొక మనుష్యుడు కూర్చుండెను, ఇతడొంటిగా పోయెను. ఆ దినమున అద్దము బరువు తగ్గించినది. నేడు దానిపైనున్న ఫిర్యాదు గాలినిగూర్చినది.

కాలువలో వంతెన స్తంభమును పరికింపుడు. నీరు ముందువైపున చీలి పోవును. వెనుక సుడులు తిరుగుచు గడ్డిపఱకలను పట్టి యుంచుకొనును. గాలియు నట్లే. అద్దము ముందు ఒత్తిడి హెచ్చును, వెనుక సుడులలో తగ్గును. ఆ భేదమే బండిని వెనుకకు లాగును. వేగము రెట్టింపైనచో ఈ లాగుడు నాలుగురెట్లగును. దానిని గెలుచుటకు వలయు శక్తి యెనిమిది రెట్లు. ఎద్దుబండికి ఈ చింత లేదు.

ఇక ఆకారము. అడ్డముగా కోసిన నిమ్మచెక్కను తలపుడు. కోసిన ముఖము గాలికెదురైనచో నిరోధపు గుణకము సుమారు 1.17, గుండ్రని వీపు ఎదురైనచో 0.42 మాత్రమే. అదే చెక్క, అదే గాలి! అందుచేతనే అద్దపు డొప్ప ముందువైపున గుండ్రముగా నుండును. చేపవలె వెనుక తోక సన్నగిల్లిన మఱియు మేలే గాని, అచ్చట చదునైన గాజుండవలెను గదా. కావున శిల్పులు డొప్ప అంచులను లోనికి కొంచెము వంచి, తలుపునకును అద్దమునకును నడుమ గాలి పోవుటకు సందు విడిచి, సన్నని కాడపై నిలుపుదురు. ఈ సందు చక్కగా కుదరనిచో లోపల కూర్చున్నవారికి ఈలవంటి రొద వినబడును. అద్దమును చిన్నది చేయుద మన్నను, ఎంత మేర కనబడవలెనో శాసనము నిర్ణయించియున్నది.

మన యూళ్లలో కొందఱు సారథులు గోడలకు గీసికొనునను భయమున అద్దములను ముడిచివేసి నడుపుదురు. సందులలో పోవు మెల్లని నడకకు గాలి నిరోధము లెక్కకు రాదు; వెనుక వచ్చు సైకిలువాడు మాత్రము కనబడడు.

అద్దమును తీసివేసి కెమెరా నుంచుటకు జపానుదేశము 2016లో అనుమతించినది. 2018లో ఆడి కంపెనీవారు చూపిన ఈ-ట్రాన్ అను విద్యుత్తు బండికి అద్దములతో గుణకము 0.28, కెమెరాలతో 0.27. దూరప్రయాణమున బ్యాటరీకి ఈ స్వల్పభేదమును ఉపకరించును. అయినను కెమెరాకు విద్యుత్తు వలయును, తెర వలయును, చెడినచో నిపుణుడు వలయును. గాజుపై దుమ్ము పడినచో పైపంచె చాలును. మన త్రోవలకు గుండ్రని డొప్పలోని గాజే తగియున్నదని నా తలంపు.