ఉమ్మడి సేన: ఎవరి సొమ్ము, ఎవరి ఆజ్ఞ?

(నాంపల్లిలో పఠనమందిరపు సభయందు చేసిన ఉపన్యాసము)



ఐరోపా రాజ్యములు తమ సేనలను, ఆయుధములను, యుద్ధవ్యయమును ఒక్కచో చేర్చుకొనవలెనా వలదా యను చర్చ ఆ ఖండమున మరల ప్రబలినది. 2022 ఫిబ్రవరిలో రష్యా యుక్రెయినుపై దండెత్తుటయు, మీ కాపుదల మీరే చూచుకొనుడని అమెరికావారు పలుమారు హెచ్చరించుటయు అందులకు కారణములు. 2025 మార్చిలో ఐరోపా సమాఖ్య కార్యవర్గము రక్షణకై 80,000 కోట్ల యూరోల వరకు సమకూర్పవచ్చునని ప్రకటించెను. ఆ సంఖ్య విన్నంతనే గుండె ఝల్లుమనును. కాని లెక్క విప్పి చూచినచో, అందు ఉమ్మడిగా అప్పు తెచ్చి యిచ్చునది 15,000 కోట్లు మాత్రమే. తక్కినది ఏ రాజ్యమునకా రాజ్యము తన బొక్కసమునుండి హెచ్చుగా వ్యయపెట్టుకొనుటకు కల్పించిన వెసులుబాటు. సొమ్ము ఇంకను ఉమ్మడి కాలేదు, సేన ఉమ్మడి కాలేదు. భయము మాత్రము ఉమ్మడి యైనది.

ఈ ఐరోపా గొడవ నాంపల్లివారికేల యని కొందరు నవ్వవచ్చును. ఇచ్చటనుండి ఆబిడ్సు చేరి ఫతేమైదానము దిక్కునకు మరలినవారికి గన్‌ఫౌండ్రి అను పేట తగులును. బస్సు దిగునప్పుడును, ఆటోవానితో బేరమాడునప్పుడును ఆ పేరు పలుకుచునే యుందుము; అది ఫిరంగులు పోతపోసిన కార్ఖానా యని తలచువారు అరుదు. ఉరుదువారు దానిని తోప్ కా సాంచా అందురు. రెండవ ఆసఫ్‌జా నిజామ్ అలీఖాను కొలువులో నుండిన రేమండు అను ఫ్రెంచి సేనాని అచ్చట ఫిరంగులు పోయించెను. ఇతరుల సేనతో తన సేనను కలుపుకొన్న రాజ్యమునకు ఏమి జరుగునో తెలియగోరువారు పారిసునకు పోనక్కరలేదు. ఆ కార్ఖానా కథ విన్న చాలును.

1795 మార్చిలో ఖర్దా యుద్ధమున మరాఠాలు నిజామును ఓడించిరి. మిత్రులమని చెప్పుకొను ఇంగ్లీషు కంపెనీవారు ఆ సమయమున చేయి యందింపరైరి. అందులకు కోపించి నిజాము రేమండు సేనమీదనే ఎక్కువగా ఆధారపడెను. అది పదునాలుగువేల వరకు పెరిగినది. 1798 మార్చిలో రేమండు మరణించెను. ఆ యేడే సెప్టెంబరు 1వ తేదీని వెల్లెస్లీ ప్రభువు కోరిన సంధి జరిగెను. దాని ప్రకారము కంపెనీవారి ఆరు పటాలములు నిజాము రాజ్యమున నిలుచును. వాని జీతబత్తెములకై నిజాము సాలునకు 24,17,100 రూపాయలు చెల్లించును. ఫ్రెంచివారి సేన రద్దగును. అక్టోబరు 22వ తేదీని ఆ సేన రక్తము చిందకయే చెదరిపోయెను. ఈ సంధి కుదిర్చిన కిర్కుపాట్రికు దొర పిమ్మట కట్టించిన రెసిడెన్సీ భవనము కోఠీలో నేటికిని నిలిచియున్నది. నేడు అందు ఆడపిల్లలు చదువుకొనుచున్నారు; ఆ భవనమునకు పట్టిన భాగ్యములలో ఇదియే మేలైనది.

రెండేండ్లు తిరుగకమునుపే సేన చాలదనిరి. 1800 అక్టోబరు 12వ తేదీని మరియొక సంధి. మరి రెండు పటాలములు, ఒక అశ్వదళము చేర్చిరి. రొక్కము చెల్లించుట కష్టమగునని, జీతమునకు మారుగా భూమి నిచ్చిరి. టిప్పుతోడి యుద్ధములలో 1792లోను, 1799లోను నిజాము వంతునకు వచ్చిన బళ్ళారి, అనంతపురము, కడప సీమలు మొదలైనవి కంపెనీకి ధారపోయబడెను. ఇతర రాజ్యములతో కంపెనీకి తెలియకుండ మాటాడరాదను నిబంధనయు అందే కలదు. అప్పగింపబడిన ఆ సీమలకు దత్తమండలములని పేరు. ఆ పేరు వినలేక ఆ సీమవారు 1928లో నంద్యాల సభయందు రాయలసీమ యని మార్చుకొనిరి. అంతకు మున్నే 1766లో ఉత్తర సర్కారులును సైనిక సాహాయ్యపు మాటమీదనే కంపెనీ చేతికి పోయినవి. సోదరులారా! సర్కారులు, దత్తమండలములు, తెలంగాణము అని తెలుగుజాతి మూడు తునకలై నూటయేబది యేండ్లు వేరువేరుగా పెరుగుటకు మూలమెయ్యది? సేన ఖర్చు ఎవరు పెట్టుకొనవలెనను తగవే గదా! రైతు నెవ్వరు అడిగిరి? కడప రైతు ఒకనాటి యుదయమున లేచి, తాను ఎవ్వరి పటాలమునకో జీతమైనట్లు తెలిసికొనెను.

కథ ఇంతటితో తీరలేదు. ఆ సేనను చిల్లర పనులకు వాడరాదని సంధిలో కలదు. శిస్తు వసూలునకు అది కదలదు. కావున రాజ్యమునకు మరియొక సేన కావలసివచ్చినది. రెసిడెంటు రసెల్ దొర పూనికతో పెరిగిన ఆ దళమునకే హైదరాబాదు కంటింజెంటు అని పేరు. పేరునకు నిజాముది, అధికారులు ఇంగ్లీషువారు, జీతములు నిజామువి. జీతములకై పామరు కంపెనీ యను వర్తకశాలవద్ద అధికవడ్డీకి అప్పులు చేసిరి. పిమ్మట కంపెనీ ప్రభుత్వమే ఆ జీతములకు అప్పిచ్చి, తుదకు ఆ బాకీని నిజామునే అడిగెను. 1853 మే 21వ తేదీని డల్హౌసీ ప్రభువు బీరారును వ్రాయించుకొనెను. సంధి జరిగిన కొలది దినములకే దివాను సిరాజుల్ముల్కు గతించెను. అతని తరువాత దివానైన సాలారుజంగు బీరారును మరల రాబట్టుటకు బ్రతుకంతయు పెనగులాడి, 1883లో ఆ కోరికతోనే కన్నుమూసెను. 1902లో సాలుకు 25 లక్షలకు బీరారు శాశ్వతపు కౌలుగా మారినది. మరుసటి యేడు కంటింజెంటు ఇంగ్లీషు సేనలో కలిసిపోయినది. ఆ పటాలములలోనివే కొన్ని హైదరాబాదు రెజిమెంటై, 1945లో కుమావూ రెజిమెంటని పేరు మార్చుకొని నేటి భారతసేనలో నున్నవి. నిజామునకు మిగిలినదేమి? 1936లో కుమారునకు బీరారు యువరాజను బిరుదు దొరకెను; బీరారు దొరకలేదు.

ఇక ఐరోపాకు వత్తము. అచ్చటివారు ఈ పని తొలిసారి తలపెట్టుట కాదు. 1950 అక్టోబరులో ఫ్రెంచి ప్రధాని ప్లెవెను ఉమ్మడి సేన నొకదానిని ప్రతిపాదించెను. 1952 మే 27వ తేదీని ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియము, హాలండు, లక్సెంబర్గు ఆరును సంధిపై సంతకములు చేసినవి. అందు 38వ ప్రకరణము నేను మెచ్చుకొందును: ఉమ్మడి సేనకు ఉమ్మడి శాసనసభ ఎట్లుండవలెనో విచారింపవలెనని అది చెప్పెను. కాని 1954 ఆగస్టు 30వ తేదీని ఫ్రెంచి శాసనసభయే, 319 మందికి 264 మంది చొప్పున, ఆ సంధిని త్రోసివేసెను. ప్రతిపాదించినవారే పాతిపెట్టిరి. మరుసటి యేడు జర్మనీ నాటోలో చేరెను.

నాటో యనునది వెల్లెస్లీ సంధికి తోబుట్టువని మనలో కొందరు వాదింతురు. పోలిక కొంత కలదు. పెద్దరాజ్యము సముద్రమునకు ఆవల నున్నది, దాని సేన ఈవల విడిసియున్నది. కాని భేదమును కప్పిపుచ్చరాదు. 1966లో డిగాలు తన సేనలను నాటో ఆజ్ఞనుండి తొలగించుకొని, విదేశీసేనలు ఫ్రాన్సు విడువవలెననెను. విడిచిరి. మరుసటి యేడు నాటో కచేరి పారిసునుండి బెల్జియమునకు తరలెను. నిజాము అట్లనగలిగెనా? 1800 నాటి సంధికి శాశ్వతమనియే పేరు. నాటో ఒడంబడికలో ఇరువదియేండ్ల తరువాత ఒక్కయేడు ముందుగా తెలిపి వెడలిపోవచ్చునని 13వ ప్రకరణము కలదు. వెడలు త్రోవ యుండుటయు లేకుండుటయు, మిత్రుని యింట నుండుటకును చెరలో నుండుటకును గల భేదము.

కావున నా యభిప్రాయమును దాచను. ఐరోపావారు ఆయుధములను ఉమ్మడిగా కొనుట మంచిది. ఒక్కొక్క దేశము ఒక్కొక్క తీరు ఫిరంగి, ఒక్కొక్క తీరు ట్యాంకు చేయించుకొనుట దుబారా. ఒకరి విడిభాగము మరియొకరి బండికి పనికిరాదు. గుండ్లు, రైలుదారులు, వంతెనలు, ఆకాశరక్షణ, ఇవి రేపే ఉమ్మడి చేసికొనవచ్చును. ఆజ్ఞ మాత్రము వేరు. యువకుని ఏ సరిహద్దునకు పంపవలెనో నిర్ణయించు అధికారము, వాని తలిదండ్రులు ఓటు వేసి తొలగింపగల సభ చేతిలో నుండవలెను. మన సంస్థానముల సేనలు భారతసేనలో కలిసినవి. ఎవ్వరును వానిని దత్తసేనలనలేదు. ఏలయన నాంపల్లి ఓటరు పంపిన సభ్యుడును రక్షణశాఖ పద్దుమీద లేచి ప్రశ్నింపగలడు. ఐరోపా శాసనసభకు సేనలపై అట్టి అధికారము నేటికిని లేదు.

నిన్న నొక మిత్రుడు, ఖర్దాలో ఓడిన నిజామునకు వేరు దారి యేది యని నన్నడిగెను. న్యాయమైన ప్రశ్నయే. ఒక ప్రక్క మరాఠాలు, ఒక ప్రక్క టిప్పు. ఆయన భయము కల్ల కాదు. నేడు రష్యా సరిహద్దున నున్న ఎస్టోనియా, లాట్వియా, లిథువేనియాల భయమును కల్ల కాదు. 1940లో ఆ మూడును రష్యా పాలైన రాజ్యములు. వారిని నిలువుమని చెప్పుటకు మన కధికారము లేదు. నేను మిత్రునకు చెప్పిన దిది: నిజాము సాయము కోరుట తప్పు కాదు. 24,17,100 రూపాయలు ఎన్నేండ్లు, ఏ సీమనుండి, ఎవ్వరి యనుమతితో తేవలెనో 1798లో నిర్ణయింపక, 1800లో సీమలనే తెగనిచ్చుట తప్పు. బాల్టికువారు గాని, ఫ్రెంచివారు గాని రేపు సంధి వ్రాసికొనునప్పుడు పటాలముల సంఖ్యకంటె ముందుగా ఈ మూడు గళ్ళు నింపవలెను. అవి నిండువరకు గుండ్లు కొనుట ఆపనక్కరలేదు.