ధ్యానము – ఆత్మబంధువు

మాఘ ఫాల్గుణ మాసాలలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెల మీదుగా రాత్రివేళ ప్రయాణించిన వారికి కళ్ళాలలో ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు, పక్కనే నులకమంచం మీద కావలి ఉన్న రైతు కనిపిస్తారు. చుట్టూ నిశ్శబ్దమే. కాని ఆ రైతు మనస్సులోనూ నిశ్శబ్దం ఉన్నదని చెప్పలేము. యార్డులో రేపటి ధర, పొలం కౌలు, పురుగుమందుల దుకాణంలో బాకీ తెల్లవార్లూ అక్కడ మాట్లాడుతూనే ఉంటవి. మనశ్శాంతికి ధ్యానం చేయుమని నేడు బోధించేవారు పలువురున్నారు. అటువంటి రైతుకు ధ్యానం ఏ మేరకు ఉపకరిస్తుంది? ఈ ప్రశ్నతో మేము శ్రోతలను ఐర్లండు దాకా తీసికొనిపోయి, మదనపల్లె మీదుగా మళ్ళీ ఈ కళ్ళానికే తీసికొని వస్తాము.

ఐర్లండు గుంటూరు సీమకు మరీ పరాయి దేశం కాదు. ఇక్కడి బిడ్డ, ‘మాలపల్లి’ నవలాకర్త ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు బారిస్టరు చదువుకు వెళ్ళినది ఆ దేశపు డబ్లిన్ నగరానికే. ఆ దేశానికి తనదైన ధ్యాన సంప్రదాయం కలదు. పడమటి సముద్రంలో స్కెల్లిగ్ మైకేల్ అనే నిట్టనిలువు రాతిదీవి ఉన్నది. వెయ్యేండ్లకు పూర్వమే క్రైస్తవ సన్న్యాసులు అక్కడ సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి, తేనెపట్టుల వంటి గుడిసెలు కట్టుకొని, గాలివానల మధ్య మౌనంగా ప్రార్థన చేసికొన్నారు. ఆ గుడిసెలు నేటికీ నిలిచి ఉన్నవి. అయితే ఏకాంతాన్ని అంతగా కోరిన ఆ సంప్రదాయమే మరొక మాట కూడ చెప్పినది. ప్రతి సాధకునికీ ఒక ‘అనమ్ కార’ ఉండవలెనట. అనగా ఆత్మసఖుడు, మనస్సులోని బరువును దాచక విప్పి చెప్పుకొనదగిన మనిషి. మౌనమూ కావలె, ఆ మౌనంలో తేలినదానిని వినే చెవీ కావలె.

ఈ వారసత్వం గల నేల నుండి 1915లో ఒక దంపతులు మన దేశానికి వచ్చినారు. భర్త జేమ్స్ కజిన్స్ బెల్‌ఫాస్టులో 1873లో పుట్టిన కవి. భార్య మార్గరెట్ సంగీతంలో పట్టభద్రురాలు. స్త్రీల ఓటుహక్కు కొరకు లండనులోను, ఐర్లండులోను చెరసాలకు వెళ్ళిన ధీర. దివ్యజ్ఞాన సమాజపు బోధలలో తమ మార్గాన్ని కనుగొన్నవారు. అనీబిసెంటమ్మ పిలుపుపై జేమ్స్ మద్రాసులో ‘న్యూ ఇండియా’ పత్రికలో చేరినారు. 1916లో డబ్లిన్‌లో ఆంగ్ల ప్రభుత్వంపై తిరుగుబాటు లేచినపుడు దానిని మెచ్చుకొంటూ వ్రాసినందుకు ఆ కొలువు పోయినది. పిమ్మట ఆయన మదనపల్లె కళాశాలలో అధ్యాపకులైనారు. ధ్యానం మనిషిని తన దేశపు దుఃఖానికి చెవిటివానిని చేస్తుందని తలచేవారికి ఈ ఒక్క ఉదంతం చాలును.

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లెలో ఈ దంపతులకు అతిథిగా ఉన్నపుడు ‘జనగణమన’ వినిపించినారు. ఆ బాణీకి స్వరలిపి వ్రాసి పెట్టినది మార్గరెట్టమ్మయే. ఐరిష్ సంగీతంలో తీరిన చెవి మన గీతాన్ని అందుకొన్నది, తనదానిని వదలుకొనలేదు. జేమ్స్ సైతం 1932లో వెలువరించిన తన కవితల సంపుటికి ‘సంచరించే హార్ప్’ అన్న అర్థమిచ్చే పేరు పెట్టినారు. హార్ప్ ఐర్లండు జాతీయ చిహ్నమైన తంత్రీవాద్యం. అదే యేట వాక్ స్వాతంత్ర్యాన్ని అణచే శాసనాలను నిరసించి మార్గరెట్టమ్మ ఏడాది శిక్షకు గురై వెల్లూరు జైలుకు వెళ్ళినది. పదేండ్ల ముందు ఉన్నవవారు ‘మాలపల్లి’ వ్రాసినదీ వెల్లూరు చెరలోనే. 1954లో ఆమె, 1956లో ఆయన ఈ దేశపు మట్టిలోనే కలిసిపోయినారు.

ఇక మన కళ్ళానికి వద్దాము. 1845లో ఐర్లండు బంగాళాదుంప చేలకు తెగులు సోకినది. పేదల తిండికి ఆ ఒక్క పంటే ఆధారం. నాలుగైదేండ్లలో సుమారు పది లక్షలమంది చనిపోయినారు. ఇంచుమించు అంతమంది ఓడలెక్కి దేశం విడిచినారు. అదే కాలంలో ఆ దేశపు రేవుల నుండి ధాన్యం ఎగుమతి అవుతూనే ఉన్నది. ఆ ఆకలిని ఏ ధ్యానమూ తీర్చలేదు, తీర్చవలసినది ప్రభుత్వం. మన సీమలోనూ 2021లో నల్ల తామరపురుగు మిరప పూతను మాడ్చినపుడు ఎందరో రైతులు తోటలు పీకివేసినారు. 1997–98లో పత్తి దెబ్బతిన్నపుడు పురుగుకు కొన్న మందునే త్రాగి ప్రాణాలు తీసికొన్నవారున్నారు. అప్పుకు, ధరకు, నకిలీ విత్తనానికి మందు చట్టంలో ఉన్నది, బ్యాంకులో ఉన్నది, యార్డులో ఉన్నది. ‘శ్వాస మీద దృష్టి నిలుపు’ అని చెప్పి ఆ బాధ్యత నుండి ఎవరూ తప్పుకొనరాదు.

మరి ధ్యానం చేయగలిగినది ఏమిటి? రాత్రి రెండు గంటలకు కళ్ళం దగ్గర ముసిరే తలపునకూ, చేయి డబ్బా వైపు సాగడానికీ నడుమ కొంత వ్యవధిని కల్పించగలదు. ఆ వ్యవధిలో తెల్లవారవచ్చును. తెల్లవారిన పిమ్మట ఐర్లండు సన్న్యాసులు చెప్పిన రెండవ పని మిగిలి ఉన్నది: నోరు విప్పుట. మన రైతు అప్పును భార్యకు చెప్పడు, అన్నదమ్ములకు చెప్పడు; పరువు అడ్డము వస్తుంది. ఆ గుట్టే ప్రాణం తీస్తున్నది.

కావున శ్రోతలకు మా మనవి ఇది. రోజూ పావుగంట కదలక కూర్చొనుట మంచిదే. లేచిన తర్వాత ఒక్కరితోనైనా ఉన్నదున్నట్లు చెప్పుకొనండి. వినేవారు చేరువలో లేకున్న ప్రభుత్వంవారి టెలీ మానస్ సేవకు 14416 అంకెపై ఏ వేళనైనను మాట్లాడవచ్చును. మీరు మీ పొరుగు కళ్ళానికి వెళ్ళి, ‘ఏమి బావా, నిద్రపట్టలేదా?’ అని ఆ మంచం మీద కూర్చొనగలిగితే మరీ మంచిది. ఆ రాత్రికి అతని ఆత్మబంధువు మీరే.