ఒక్క చెవి మొద్దుబారితే సాంచా మోతే అనుకోవద్దు

(షోలాపూర్ మరమగ్గాల కార్మికుల ఆరోగ్య సభలో సంఘం తరఫున చేసిన ప్రసంగం)



సాంచాల మధ్య బతికే మనకు చెవుడు కొత్త కాదు. ఇంట్లో “ఎందుకట్ల మొత్తుకుంటవ్?” అంటే నవ్వి ఊరుకుంటాం. తల తిరిగితే రాత్రిపాళీ, నిద్ర లేదు అనుకుని చాయ్ తాగి మళ్ళీ సాంచా దగ్గర నిలబడతాం. తల తిరగడానికి రక్తహీనత, బీపీ పడిపోవడం, లోపలి చెవిలో సున్నపు రేణువులు చోటు తప్పడం వంటి మామూలు కారణాలే ఎక్కువ. కాని ఒక అరుదైన నరాల జబ్బు మన మోత చాటున దాక్కుంటుంది.

లోపలి చెవి నుంచి మెదడుకు పోయే ఎనిమిదో నరం శబ్దాన్నీ, ఒంటి నిలకడనూ మెదడుకు తెలుపుతుంది. ఆ నరం తొడుగు మీద పెరిగే గడ్డను డాక్టర్లు అకూస్టిక్ న్యూరోమా అంటారు. ఏడాదికి లక్షమందిలో ఒకరిద్దరికి బయటపడుతుంది. ఇది క్యాన్సర్ కాదు. సాధారణంగా మెల్లగా పెరుగుతుంది. కాని బాగా పెద్దదైతే మెదడును నొక్కి ప్రాణం మీదికి తెస్తుంది.

గుర్తుపట్టేదెలా? సాంచా మోత సాధారణంగా రెండు చెవులనూ దాదాపు సమానంగా దెబ్బతీస్తుంది. ఒక్క చెవికే వినికిడి తగ్గుతూ ఉంటే, ఆ చెవిలోనే హోరు ఆగకపోతే, నడకలో తూలు వస్తే, ముఖం ఒక పక్క తిమ్మిరెక్కితే చెవి డాక్టరుకు చూపించాలి. ఆడియోగ్రామ్ తీయించుకోవాలి. రెండు చెవులకూ తేడా ఉంటే ఎంఆర్ఐ అవసరమా అని మనమే అడగాలి. గడ్డ చిన్నదైతే స్కాన్లతో గమనిస్తూ ఉండవచ్చు. పెరిగితే రేడియేషన్, ఆపరేషన్ ఉన్నాయి. పోయిన వినికిడి తిరిగి రావడం కష్టం. అందుకే ముందే పట్టుకోవాలి.

ఇంకో హెచ్చరిక. హఠాత్తుగా తల తిరిగి, మాట ముద్దగా వచ్చినా, మూతి వంకరపోయినా, కాలుచెయ్యి పడిపోయినా అది పక్షవాతం కావచ్చు. ఆ క్షణమే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి.

తల తిరిగే మనిషిని తిరిగే బెల్టు పక్కన నిలబెట్టడం అన్యాయం. అతన్ని కూర్చోబెట్టాలి, కూలి కోయరాదు. మోత వల్ల వచ్చే చెవుడు చట్టం గుర్తించిన వృత్తివ్యాధి. కనుక ఏటా ఒక్కొక్క చెవికీ విడిగా వినికిడి పరీక్ష యజమాని ఖర్చుతో జరగాలని మన కోరిక. మోత చేసిన నష్టాన్నీ, దాక్కున్న గడ్డ జాడనూ ఆ ఒక్క పరీక్షే చూపగలదు.

సాంచా ఆగితే సేటు వెంటనే జాబర్‌ను పిలుస్తాడు. మన ఒళ్ళు ఆగకముందే డాక్టరును అడగడం మన పని. ఆ హక్కు కోసం కలిసి నిలబడదాం.