మిక్సర్‌కి మోటర్: హెచ్‌పీ చూసి కొనేస్తే కాలిపోద్ది

చిన్న యూనిట్లు పెట్టినవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే: "అన్నా, పచ్చడి కలిపే మిషన్‌కి 2 హెచ్‌పీ మోటర్ పెట్టాం, కాలిపోయింది. రీవైండింగ్ చేయించాం, మళ్లీ కాలింది. 3 హెచ్‌పీ వేసేయమంటారా?"

ఆగండి. ముందు చూడాల్సింది టార్క్, అంటే షాఫ్ట్‌ని తిప్పే బలం. 2 హెచ్‌పీ అంటే సుమారు 1.5 కిలోవాట్లు. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద మామూలు 4 పోల్ మోటర్ నిమిషానికి 1440 చుట్లు తిరుగుద్ది. లెక్కేస్తే టార్క్ 10 న్యూటన్ మీటర్లే. మీటరు పొడవు కర్ర చివర కిలో బరువు వేలాడదీస్తే ఎంతో, అంత! దాంతో క్వింటాల్ ఆవకాయ తిరుగుద్దా?

అదే మోటర్‌కి 40కి 1 గేర్‌బాక్స్ బిగిస్తే బ్లేడ్ 36 చుట్లకి దిగుతుంది, టార్క్ 400 దగ్గరికి వెళ్తుంది. గేర్లలో కొంత పోతుంది, వార్మ్ గేర్ అయితే ఇంకాస్త ఎక్కువే పోతుంది. అయినా మోటర్ మాత్రం ఆ పాత 2 హెచ్‌పీనే.

"గేర్‌బాక్స్ ఎందుకండీ, వీఎఫ్‌డీ పెట్టి స్పీడ్ తగ్గించేయండి" అని సలహా ఇచ్చేవాళ్లుంటారు. నాకిది అస్సలు నచ్చదు. వీఎఫ్‌డీ స్పీడ్ తగ్గిస్తుంది, టార్క్ పెంచదు. ఆ 10 అలాగే ఉంటుంది. పైగా మోటర్ వెనక ఫ్యాన్ ఉండేది అదే షాఫ్ట్ మీద. అదీ స్లో అయిపోయి, గాలి తగలక వైండింగ్ వేడెక్కుద్ది. గేర్‌బాక్స్ ఉండి, చిన్న సర్దుబాటుకి వీఎఫ్‌డీ అయితే ఓకే.

ఇంకోటి, స్టార్టింగ్. రాత్రి ఆపేసిన మిషన్‌లో పొద్దున్నకి సరుకు గట్టిపడి ఉంటుంది. స్టార్-డెల్టా స్టార్టర్ అయితే స్టార్‌లో ఉన్నంతసేపు టార్క్ మూడో వంతే. మోటర్ తిరగదు, గుయ్‌మని మూలుగుద్ది. అప్పుడు ఓవర్‌లోడ్ రిలే ట్రిప్ అయితే, సెట్టింగ్ పెంచేస్తారు కొందరు... దండం పెడతా, ఆ పని చెయ్యొద్దు. నేమ్‌ప్లేట్ మీదున్న ఆంపియర్లు దాటించకండి.

నీళ్లలా పల్చటి సరుకైతే కథ వేరు. అక్కడ స్పీడే శత్రువు: బ్లేడ్ స్పీడ్ 20 శాతం పెంచితే పవర్ 73 శాతం దాకా పెరుగుద్ది.

పెయింట్, థిన్నర్ కలిపేవాళ్లు మాత్రం ఈ లెక్కలన్నిటికంటే ముందు ఫ్లేమ్‌ప్రూఫ్ మోటర్ అడగండి. ఆ ఆవిరి అంటుకోడానికి చిన్న నిప్పురవ్వ చాలు. ఖరీదు ఎక్కువే, తప్పదు. స్విచ్, కేబుల్ గ్లాండ్ కూడా ఆ రకమే ఉండాలి. మోటర్ ఒక్కటి మార్చి పక్కన మామూలు స్విచ్ బిగిస్తే రవ్వ అక్కణ్నుంచి వస్తుంది.

గేర్‌బాక్స్ రకాలు నెక్స్ట్ ఎపిసోడ్‌లో.